పసుపు కాగితం మీద చరణం

1984 మార్చి 6, మంగళవారం

ఓ నోటుబుక్కు మహాశయా,

ముందుగా తమరికి సాష్టాంగపడి క్షమాపణ చెప్పుకుంటున్నాను. తమరిని కొన్నది పాటలు రాసుకోవడానికి. మొదటి నలభై పేజీల్లో తమరు దుప్పట్లు, ఆవిరి, అమ్మమ్మ చేతులు తప్ప లోకంలో మరో పాపం ఎరగరు. ఈ రోజు నుంచి తమలో ఒక మనిషిని సర్వనాశనం చేసే పథకాలు రాయబోతున్నాను. ఇంత నీచమైన పనికి ఇంత తెల్లటి కాగితం వాడుతున్నందుకు నా గుండె తరుక్కుపోతోంది.

(తరుక్కుపోవడం లేదు. చాలా రోజుల తర్వాత హాయిగా ఉంది.)

ఆ మనిషి పేరు ప్రెంటిస్ హేల్.

నిన్న నిర్మాత ఆఫీసులో మా సంగీత నాటకం 'ఆవిరి' కొత్త ప్రతి బల్ల మీద ఉంది. అట్ట మీద 'కథ, సంగీతం, సాహిత్యం: ప్రెంటిస్ హేల్' అని ఉంది. దాని కింద చూశాను. తిప్పి వెనకా చూశాను. కాజిమిర్ డోల్నిక్ అనే ప్రాణి ఎక్కడా లేడు.

రేపెప్పుడో రాబోయే న్యాయస్థానం కోసం కొన్ని నిజాలు నమోదు చేస్తున్నాను. కాలేజీలో ఒకే గదిలో ఉన్నాం. పియానో అతనిది, మాటలు నావి. స్క్రాంటన్‌లో హోటల్ లాండ్రీలో మా అమ్మమ్మ నలభై ఏళ్లు దుప్పట్లు మడిచిన కథ నేను చెబితే, "ఇదేరా మన నాటకం" అన్నాడు. ఒక ఈస్టర్‌కు మా ఇంటికి వచ్చి అమ్మమ్మ బంగాళాదుంప కూరి చేసిన పిరోగీలు పదహారు తిన్నాడు. రెండేళ్ల కిందట ఒక చర్చి నేలమాళిగలో మొదటిసారి నాటకం చదివి వినిపించాం. మడత కుర్చీలు పదకొండు. ఆ పదకొండు మందీ మా 'మూలకు మూల' పాటకు ఏడ్చారు. కిందటి వేసవిలో అమ్మమ్మ మంచాన పడితే వెళ్లి ఆరు నెలలు ఉన్నాను. ఆమెను సాగనంపి తిరిగొచ్చేసరికి ఇక్కడ నన్ను కూడా సాగనంపేశారు.

"నువ్వు లేవు కాజ్," అన్నాడు ప్రెంటిస్. "నిర్మాత వారంలో కొత్త ప్రతి అడిగాడు. అన్ని పాటలూ కూర్చుని నేనే తిరగరాశాను. ఒక్క పేరే ఉండాలని ఆయన పట్టు."

"ఆ ఒక్కటీ నీదే అయింది, పాపం."

"ఉద్యోగం ఇప్పిస్తాను. మారిన పేజీలు టైపు చేయడానికి మనిషి కావాలి. నీ అంత వేగంగా టైపు చేసేవాణ్ని నేను చూడలేదు."

"నీ అంత వేగంగా రాసేవాణ్ని నేనూ చూడలేదు. నా మూడేళ్లు ఒక్క వారంలో రాసేశావు."

నవ్వాడు. నా జోకులకు ఎప్పుడూ నవ్వుతాడు, వెధవ. కాలేజీలో మొదటి రోజు నుంచీ అంతే.

ఉద్యోగం ఒప్పుకున్నాను. శత్రువు శిబిరంలో ఉంటేనే గదా దెబ్బ తీయగలం. ఇందులో మరో కారణం లేదు.

మార్చి 9

పథకం ఒకటి: వచ్చే నెల వర్క్‌షాప్‌కు తెచ్చిపెట్టిన పియానో పెడల్ మర వదులు చేయడం.

వెళ్లి చూశాను. పియానో వాయించే మిస్టర్ ఫెల్డర్‌కు మోకాలి నొప్పి ఉందట. ముసలాయన్ని ఇబ్బంది పెట్టడం వీరుడి లక్షణం కాదు. వాయిదా.

ఏప్రిల్ 3

వర్క్‌షాప్ మొదలైంది. న్యూయార్క్ ఎనిమిదో అవెన్యూలో ఒకప్పటి టోపీల కొట్టు మీద గది. నేల మీద రంగు టేపు అంటించి ఇది గుమ్మం, ఇది బాయిలరు అన్నారు. దుస్తులు లేవు, దీపాలు లేవు. ఆరు వారాలు ఇలాగే ఆడి, చివర్లో డబ్బు పెట్టేవాళ్లను పిలిచి చూపిస్తారు. వాళ్లకు నచ్చితే సరే, లేకపోతే టేపు పీకేసి ఇంటికి.

నా కొలువు ఇదీ. మాటలు మారినప్పుడల్లా ఆ పేజీ కొత్తగా టైపు చేసి, ఆ రోజు రంగు కాగితం మీద ఇరవై ఆరు ప్రతులు తీసి పంచాలి. మొదటి మార్పు నీలం, తర్వాత గులాబీ, తర్వాత పసుపు, ఆకుపచ్చ, మళ్లీ నీలం. పాత పేజీ వెనక్కి తీసుకోవాలి. చేతిరాత కాగితాన్ని మాత్రం స్టేజి మేనేజర్ ఫైల్లో పెట్టాలి.

స్టేజి మేనేజర్ లెనోరా టబ్స్. అరవై దాటినావిడ. ఇక్కడ అందరూ అందరినీ పేరుతో పిలుచుకుంటారు. ఈవిడ దగ్గర మాత్రం నా నాలుక దానంతటదే లేచి నిలబడుతుంది. ఆమె ఒళ్లో ఒక పెద్ద బైండు పుస్తకం. అందులో ఎక్కిందే నాటకం.

"చూడు నాయనా," అన్నారు మొదటి రోజే. "రాసినవాడు వచ్చి నెత్తీనోరూ కొట్టుకున్నా నేను వినను. రంగు కాగితం మీద వచ్చిందా, పుస్తకంలో పెడతాను. పుస్తకంలో పెట్టానా, అది దేవుడి మాట. రాత్రికి నటులు అదే పాడతారు."

"మరి టైపు చేసేవాడు తప్పు చేస్తే?"

"దేవుడు తప్పు చేసినట్టు. చేయకు."

మే 18

డబ్బు పెట్టేవాళ్లు వచ్చారు. కోట్లు తొడుక్కున్న నలభై మంది, రెండు కుక్కలు. 'మూలకు మూల' దగ్గర గది నిశ్శబ్దమైపోయింది. ఇద్దరు ఆడవాళ్లు దుప్పటి చెరో అంచూ పట్టుకుని, రెండడుగులు ఎదురుగా వచ్చి మూలకు మూల కలిపి, మళ్లీ వెనక్కి వెళ్లడం. పాటంతా అదే. మొదటి చరణంలో నా లైన్లు ఆరు అలాగే ఉన్నాయి. రెండోది, తోడు మనిషి పోయాక ఒక్కతే మడిచే చరణం, తీసేశాడు. నా ఒరిజినల్ తమరి పదకొండో పేజీలో భద్రంగా ఉంది.

అందరూ లేచి చప్పట్లు కొట్టారు. ప్రెంటిస్ వంగి దండం పెట్టాడు. నేను పాత పేజీలు ఏరుకుంటున్నాను.

పథకం రెండు: పేరు పెట్టకుండా పత్రికకు ఉత్తరం. రాశాను. చాలా బాగా వచ్చింది. పంపడానికి మనసొప్పక మూడోసారి చదువుకుని దాచుకున్నాను.

సెప్టెంబరు 20

ఆరు కామాలు, ఒక ప్రాస మార్చాడు. ప్రాస ఘోరంగా ఉంది. అక్షరం పొల్లుపోకుండా టైపు చేశాను. నా పగలో ఇదొక భాగం.

నవంబరు 14

కథానాయిక దొరికింది. ఒడెస్సా క్విన్. యాభై ఏళ్ల మనిషి, గొంతు పైకప్పు లేపుతుంది. పైకప్పు లేపే గొంతుకు పైకప్పు లేపే పాట కావాలని దర్శకురాలు హెస్టర్ అంది. 'మూలకు మూల' చివర ఇప్పుడు ప్రేమ, ఆకాశం, తిరిగిరాని వసంతం చేరాయి. స్క్రాంటన్ లాండ్రీలో ఆకాశం ఎవరు చూశారు?

పథకం ఐదు. (మూడు, నాలుగు ఇక్కడ రాయదగ్గవి కావు. ఒకదానిలో సొర్రచేప ఉంది.) ఐదోది చాలా సులువు. ఏమీ చేయకుండా కూర్చోవడం. పాట తనంతట తనే చస్తుంది. దాంతోపాటు ప్రెంటిస్ కూడా.

1985 జనవరి 17, న్యూ హేవెన్

న్యూయార్క్‌కు ముందు ఇక్కడ మూడు వారాలు ఆడి చూసుకుంటారు. నిన్న తొలి ప్రదర్శన. మూడు గంటల ఇరవై నిమిషాలు నడిచింది. రెండో అంకంలో నా ముందు వరసాయన నిద్రపోయి, చప్పట్లకు లేచి, తనకే అనుకుని నమస్కారం పెట్టాడు.

'మూలకు మూల' దగ్గర జనం దగ్గారు. ఒకరు దగ్గితే మరొకరు. ఒడెస్సా ఆకాశం దాకా వెళ్లి వచ్చింది. ఎవరూ ఆమెతో వెళ్లలేదు.

ఈ ఉదయం హోటల్లో అందరూ గుడ్లు తింటుంటే హెస్టర్ చెప్పింది, మెల్లగానే.

"ప్రెంటిస్, ఆ పాట పనిచేయడం లేదు."

"పనిచేస్తుంది. వర్క్‌షాప్‌లో చూశావుగా."

"అప్పుడు చిన్నది. ఇప్పుడు లావెక్కింది. వచ్చే శనివారం మధ్యాహ్నం ఆట వరకు టైమిస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే తీసేస్తాను."

"అది తీసేస్తే నాటకంలో మిగిలేదేమిటి?"

"మూడుంబావు గంటలు. జనం బస్సు అందుకుంటారు."

ప్రెంటిస్ గుడ్డు ముట్టుకోలేదు. నేను నాది తిని, అతనిదీ తిన్నాను.

జనవరి 18

పాట తీసేస్తారు. సంతోషం.

జనవరి 19

చాలా సంతోషం.

జనవరి 21

ఈ వారం మూడు సార్లు మార్చాడు. పసుపు, ఆకుపచ్చ, మళ్లీ నీలం. ప్రతిసారీ ఇరవై ఆరు ప్రతులు. ప్రతిసారీ దగ్గులు.

సంతోషంగానే ఉన్నాను. రాసి పెడుతున్నాను, లేకపోతే తర్వాత మర్చిపోతాను.

జనవరి 23

ఒడెస్సా గదికి గులాబీ పేజీ ఇవ్వడానికి వెళ్లాను. అద్దం ముందు కూర్చుని తన చేతుల్నే చూసుకుంటోంది.

"మళ్లీ రంగు మారిందా? ఇలా అయితే నా స్క్రిప్టు ఇంద్రధనుస్సు అయిపోతుంది. పెట్టెయ్ అక్కడ." నేను పెట్టాక, "ఒక మాట అడుగుతాను బాబూ, నవ్వకు," అంది. "ఈ పాటలో నా చేతులు ఏం చేయాలి?"

"అంటే?"

"మొదట్లో దుప్పటి ఉంది, చేతులకు పనుంది. తర్వాత అవతలి మనిషి చచ్చిపోయింది, దుప్పటి పట్టుకెళ్లిపోయారు, నన్ను దీపం కింద నిలబెట్టి వసంతం గురించి పాడమన్నారు. ముప్పై ఏళ్లుగా పాడుతున్నాను. చేతులకు పని లేకపోతే జనం నా గొంతు నమ్మరు."

"నేను టైపు చేసేవాణ్నండీ."

"అందుకే అడిగాను. రాసేవాళ్లను అడిగితే రాస్తారు."

లాండ్రీలో మా అమ్మమ్మకు తోడుగా మడిచే యాడ్విగా పోయాక, ఒక్కతే ఎలా మడిచేదో నాకు తెలుసు. ఆ చేతులు ఏం చేసేవో తెలుసు. ఒడెస్సాకు చెప్పడానికి ఒక్క నిమిషం చాలు.

చెప్పలేదు. పగ అంటే అలా ఉండాలి.

జనవరి 24

గురువారం. పాటకు ఇంకా రెండు రోజులు. తమరి పదకొండో పేజీ తీసి చూశాను. ఊరికే, కాగితం పాడవలేదు గదా అని.

జనవరి 25, శుక్రవారం

నిర్మాత పిలిస్తే ప్రెంటిస్ పొద్దున్న రైలుకు న్యూయార్క్ వెళ్లాడు. రేపు ఆట వేళకు వస్తాడు. కొత్త పేజీ నా టైపు మిషన్ మీద పెట్టి వెళ్లాడు.

ఈ రోజు రంగు పసుపు. టైపు చేశాను. ఇరవై ఆరు. పంచాను. మామూలే.

సాయంత్రం హోటల్ గదిలో ఫోన్ మోగింది. స్నానంలో ఉన్నాను.

జనవరి 26

నిజాయితీగా రాయాలి.

మధ్యాహ్నం ఆట. 'మూలకు మూల' రెండో చరణానికి ఒడెస్సా దుప్పటి అడిగి తెప్పించుకుంది. కొత్త మాటలు ఇవీ:

అవతలి అంచు తలుపు గడియకు కట్టాను,
ఇవతలి అంచు గడ్డం కింద పట్టాను,
మూలకు మూల ఒక్కదాన్నే కలుపుతున్నాను,
దుప్పటికి ఇంకా తెలియదు నువ్వు లేవని.

ఆకాశం లేదు. వసంతం లేదు. ఆమె చేతులు పని చేస్తూనే ఉన్నాయి. చివరి మాట గడ్డం కింద దుప్పటి పెట్టుకుని, దాదాపు మాట్లాడినట్టు అంది. ఒక్కరూ దగ్గలేదు. తర్వాత చప్పట్లు రావడానికి ఎంతసేపు పట్టిందంటే, లెనోరా గారు పుస్తకంలోంచి తలెత్తి జనాన్ని చూశారు.

హాలు చివర నిలబడి ఉన్న ప్రెంటిస్‌ను హెస్టర్ కావలించుకుంది. "ఇన్నాళ్లూ ఎక్కడ దాచావయ్యా దీన్ని?"

ప్రెంటిస్ ఆమె భుజం మీదుగా నాకేసి చూశాడు. పాట ఉండిపోయింది.

ఆ లైన్లు ఎక్కడినుంచి వచ్చాయో నాకేం తెలుసు. నేను టైపు చేసేవాణ్ని.

తర్వాత అతను నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"నిన్న ఫోన్ చేశాను."

"స్నానంలో ఉన్నాను."

"నాలుగు సార్లు చేశాను కాజ్."

"శుభ్రమైన మనిషిని."

నవ్వలేదు. నా జోకుకు అతను నవ్వకపోవడం ఇదే మొదలు. కాసేపు పసుపు కాగితాల దొంతర చూసి, "పాట బాగుంది," అని వెళ్లిపోయాడు.

జనవరి 28

సరే, మహాశయా, తమరి దగ్గర దాపరికం దేనికి. ఆ చరణం పదకొండో పేజీలోది. నాది. తమరికి ముందే తెలుసు.

ఎంత గొప్ప ప్రతీకారమో చూడండి. అట్ట మీద అతని పేరు. అతని పేరు కిందే, నాటకంలో అన్నిటికన్నా మంచి నాలుగు లైన్లు, తాను రాయనివి. ప్రతి రాత్రీ వినాలి. ప్రతి రాత్రీ జనం అతన్ని పొగుడుతారు. కాదనలేడు, అవుననలేడు. పెడల్ మర ఏపాటి. సొర్రచేప ఏపాటి.

లెనోరా గారు ఒక్క మాట అడిగారు. "ఆ పసుపు పేజీకి చేతిరాత కాగితం ఫైల్లో లేదేం?"

"పోయిందండీ."

కళ్లజోడు మీదుగా చూశారు. "ముప్పై నాలుగేళ్లలో నా ఫైల్లోంచి ఒక్క కాగితం పోలేదు. నీ దగ్గరే పోయి ఉంటుంది. దొరికితే తెచ్చి పెట్టు."

మార్చి 18, న్యూయార్క్

ఈ రోజుతో నాటకం గడ్డకట్టింది. ఇక ఒక్క అక్షరం మారదు. పత్రికల వాళ్లు చూసేదీ, ఊళ్లు తిరిగే బృందాలు ఆడేదీ, రేపెప్పుడో నేను ముసలివాణ్నయ్యాక స్కూలు పిల్లలు దుప్పట్లు తప్పుగా మడుస్తూ పాడేదీ ఇదే. లెనోరా గారు పుస్తకానికి రబ్బరు బ్యాండు వేశారు.

నా చరణం అందులో ఉంది. గెలిచాను.

ప్రెంటిస్ మధ్యాహ్నం వచ్చి పక్కన కూర్చున్నాడు. ఇద్దరం అరగంట పాత పేజీలు రంగుల వారీగా దొంతర్లు పెట్టాం. "నీ పేరు వేయమని నిర్మాతను మళ్లీ అడిగాను," అన్నాడు చివరికి. "ప్రోగ్రాములు అచ్చయిపోయాయట."

"ఎప్పుడు అడిగావు?"

"ఇవాళ. అంతకుముందు జనవరిలో, రైల్లో వెళ్లినప్పుడు."

ఆలస్యంగా పుట్టిన మంచితనం. నమ్మలేదు. నమ్మనందుకు గర్వంగా ఉంది.

మార్చి 22

నిన్న ప్రారంభం. ఈ ఉదయం పత్రికలు. అన్నిటిలో పెద్దది మా నాటకం గురించి తొమ్మిది పేరాలు రాసింది, అందులో ఒక పేరా మొత్తం దుప్పటికి. 'గడ్డం కింద పట్టిన ఒక అంచులో మొత్తం జీవితం' అట. విలేఖరి ఆ చరణం ఎలా వచ్చిందని అడిగితే, ప్రెంటిస్ హేల్ "అది ఆ పాటకు కావలసిన చరణం, అంతకుమించి చెప్పను" అన్నాడట.

ఎనిమిది ప్రతులు కొన్నాను. అమ్మ స్క్రాంటన్ నుంచి ఫోన్ చేసింది. "గడ్డం కింద పెట్టుకునేది మీ అమ్మమ్మేగదరా? అతనికెలా తెలుసు?" అంది. "ఒకసారి మనింటికి వచ్చాడుగా," అన్నాను. "అవునవును, ఈస్టర్‌కి," అంది అమ్మ. "పిరోగీలు తిని ఊరుకోలేదు. మర్నాడు పొద్దున్న నువ్వింకా లేవలేదు, తనే అవతలి అంచు పట్టుకుని మా అమ్మతో దుప్పట్లన్నీ మడిపించాడు. బలే సరదా పిల్లాడు."

మహాశయా, ఏడాదిగా తమరిలో పథకాలే రాశాను. మర, ఉత్తరం, చేప, ఏమీ చేయకపోవడం, నాలుగు లైన్లు. వీటిలో నిజంగా చేసింది ఒక్కటే. దాన్ని కూడా సగమే చెప్పాను.

జనవరి 25న నేను స్నానంలో లేను. మంచం మీద కూర్చుని ఫోన్ కేసి చూస్తున్నాను. నాలుగు సార్లూ.

ప్రెంటిస్ టైపు మిషన్ మీద పెట్టి వెళ్లింది ఖాళీ కాగితం కాదు. దాని మీద రెండో చరణం ఉంది, అతను రాసింది. ఆడమనిషి ఒక్కతే దుప్పటి పట్టుకుని నిలబడుతుంది. నలభై ఏళ్ల అలవాటున రెండడుగులు ముందుకు వేస్తుంది. ఎదురుగా ఎవరూ రారు. అక్కడే కాసేపు నిలబడి, చేతిలో మూల కలవకుండానే, మళ్లీ రెండడుగులు వెనక్కి వేస్తుంది. అంతే. మా అమ్మమ్మ అలా నడిచేది. చిన్నప్పటి నుంచి చూశాను, నాకు తట్టలేదు. ఒక్క పొద్దున్న అవతలి అంచు పట్టుకున్నవాడికి తట్టింది.

కింద చిన్న అక్షరాలతో, "కాజ్, ఇది నిజమేనా? నీకే తెలుస్తుంది. నువ్వు సరే అంటేనే పంచు. సాయంత్రం ఫోన్ చేస్తాను."

ఆ కాగితం మడిచి తమరి వెనక అట్టలో పెట్టాను. పదకొండో పేజీ తీసి టైపు చేశాను. ఇరవై ఆరు ప్రతులు.

నా లైన్లు బాగున్నాయి, పత్రికలో కూడా రాశారు. అతనివి ఇంకా బాగున్నాయి. ఆ మాట అతనికి చెప్పలేదు.